కామెర్లకు టీకా ఉంది, ఎయిడ్స్‌కు ఏదమ్మా?

2022లో కర్నూలులో మా చిన్నమ్మాయికి కోర్బెవాక్స్ కరోనా టీకా వేశారు. హైదరాబాద్ బయలాజికల్-ఇ కంపెనీ తయారీ. ఆ సాయంత్రం పిండి రుబ్బుతుంటే అడిగింది, "అమ్మా, ఎయిడ్స్‌కు టీకా ఎందుకు లేదు?" అని. నాకు నోట మాట రాలేదు. మా వీధిలో ఆ జబ్బున్న ఒకావిడ కుళాయి దగ్గరికొస్తే బిందెలు పక్కకు జరుపుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని మరి!

తర్వాత చదివి తెలుసుకున్నాను. కోర్బెవాక్స్‌లో వైరస్ ఉండదు, దాని పైపొరలోని ఒక ప్రోటీన్ ముక్క మాత్రమే ఉంటుంది. బ్రెడ్డు పొంగించే ఈస్టుకు దాయాది లాంటి మరో ఈస్టు చేత దాన్ని తయారుచేయిస్తారు. దొంగ ఫొటో పోలీసులకు చూపించినట్టన్నమాట. 1997లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన కామెర్ల టీకా, అంటే హెపటైటిస్-బి టీకా, ఇలాంటిదే.

మరి హెచ్.ఐ.వి.కి? ఈ దొంగ పూటకో వేషం మారుస్తాడు. పైగా పాకం పట్టిన గవ్వల్లా ఒంటినిండా చక్కెర పూత. ఆ చక్కెర మన ఒంటిదే కాబట్టి ఒళ్లు పరాయివాడని పోల్చుకోలేదు. వైరస్ పైపొర ప్రోటీన్‌తో చేసిన టీకా 2003లో ఓడిపోయింది. దానికి మరో టీకా జోడించి థాయ్‌లాండ్‌లో 16 వేలమందికి పైగా పరీక్షిస్తే, 2009లో 31 శాతం రక్షణ కనిపించింది. అలాంటిదే దక్షిణాఫ్రికాలో 2020లో పనిచేయలేదు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు పిల్లలకు ఓనమాలు, తర్వాత గుణింతాలు నేర్పినట్టు, ఒంటికి మెట్టుమెట్టుగా నేర్పే ప్రోటీన్లు రూపొందిస్తున్నారు. 2022లో వెలువడిన ఒక పరీక్షలో 36 మందికి వేస్తే 35 మందిలో కావలసిన కణాలు మేల్కొన్నాయి. ఇది మొదటి మెట్టే సుమండీ, టీకా ఇంకా రాలేదు.

అందాకా మనం చేతులు ముడుచుకోనక్కర్లేదు. కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లో మందులు ఉచితం. రోజూ తప్పకుండా వేసుకుని, రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా అణిగితే, కాపురంలో భర్తకో భార్యకో అంటదు. కడుపుతో ఉన్నవాళ్లు మొదట్లోనే పరీక్ష చేయించుకుంటే, జబ్బున్నా మందులతో బిడ్డను చాలావరకు కాపాడుకోవచ్చు. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు.

ఇంకొకటి. కుళాయి దగ్గర, బిందె తగిలితే ఆ జబ్బు రాదు. మొన్న ఆవిడ బిందె నేనే ఎత్తి నడుమున పెట్టాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకైతే సిగ్గేసింది, ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదా అని. మీ వీధిలోనూ అలాంటి చెల్లెలుంటే ఒకసారి పలకరించండి.