సముద్ర జీవుల జనాభా లెక్కలు

జనాభా లెక్కల ఉద్యోగి ఇంటింటికీ తిరిగి, తలుపు తట్టి, మనుషుల పేర్లు వ్రాసుకుంటాడు. సముద్రంలోని చేపలకు ఇళ్లు లేవు, తలుపులు లేవు. అయినను వాటిని లెక్కించక తప్పదు. ఏ జాతి చేప ఎంత ఉన్నదో తెలియనిదే ఏటా ఎంత పట్టవచ్చునో నిర్ణయించలేము. లెక్క తప్పితే మొదట చేప, ఆ పిమ్మట దానిపై బ్రతికే జాలరి నష్టపోతారు.

నౌక అడుగున అమర్చిన ప్రతిధ్వని యంత్రం ఈ గణనకు చిరకాలంగా సాధనం. అది పంపే ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో పోయి, చేపల గుంపును తాకి మరలి వస్తుంది. అందుకు పట్టిన కాలాన్ని బట్టి గుంపు ఉన్న లోతును, ప్రతిధ్వని బలాన్ని బట్టి చేపల పరిమాణాన్ని అంచనా కడతారు. పద్ధతి బాగానే ఉన్నది. కాని నౌక రొదకు చేపలు ముందే తప్పుకొనిపోతేనో? లెక్కల ఉద్యోగి వీధి మొగలో కనబడగానే ఇంటిల్లిపాదీ పెరటి దారిన వెళ్లిపోయినట్లే కదా! ఈ సందేహం శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది.

దీనిని పరీక్షించుటకు తోడ్పడినది బ్రిటన్‌లో నిర్మించిన ఆటోసబ్ అనే యంత్రం. చూపునకు అది సుమారు 7 మీటర్ల పొడవున్న టార్పెడో. లోపల మనిషి లేడు; నౌకకు కట్టిన తీగ కూడా లేదు. ముందుగా కంప్యూటరుకు అప్పగించిన మార్గంలో, విద్యుత్ మోటారుతో, ఇంచుమించు చప్పుడు లేకుండా సాగిపోతుంది. 1999లో ఉత్తర సముద్రంలో హెర్రింగ్ చేపల గణన జరుగుచుండగా దీనిని స్కోషియా అనే పరిశోధన నౌకకు కొన్ని వందల మీటర్లు ముందుగా నడిపించారు. రెండింటి లెక్కల్లో చెప్పుకోదగిన భేదం కనబడలేదు. అనగా ఆ చేపలు నౌకకు బెదరి పారిపోలేదన్నమాట. అయితే స్కోషియా చప్పుడు తక్కువగా ఉండునట్లు ప్రత్యేకించి కట్టిన నౌక. ఈ ఫలితాన్ని ప్రతి నౌకకూ అన్వయించరాదని మా అభిప్రాయం.

ఇంతకంటె గొప్ప పని 2001లో అంటార్కిటికాలోని వెడ్డెల్ సముద్రంలో జరిగింది. క్రిల్ అనునది రొయ్యను పోలిన, వ్రేలెడు పొడవు గల జీవి. తిమింగిలాలకు, పెంగ్విన్లకు, సీళ్లకు అదే ఆహారం. మనిషి కూడా దానిని వలలతో పడుతున్నాడు. సముద్రంపై తేలే మంచు క్రింద అదెంత ఉన్నదో నౌకకు తెలియదు. మంచును పగులగొట్టుకొంటూ పోతే క్రింద ఉన్నవన్నీ చెదరిపోతాయి. ఆటోసబ్ రెండవ రూపం ఆ మంచు క్రిందికి నిశ్శబ్దంగా దూరింది. మంచు అంచు నుండి లోపలికి 1 మొదలు 13 కిలోమీటర్ల వరకు గల పట్టీలో, బయటి సముద్రంలో కంటె క్రిల్ అయిదు రెట్లు దట్టంగా ఉన్నట్లు తేలింది. మంచు అడుగున పెరిగే నాచు వాటికి మేత. బయట తీసిన లెక్కనే మంచు క్రింది నీటికీ వర్తింపజేస్తే ఎంత పొరపాటో ఊహించవచ్చు. ఆ మంచు తరిగిపోతే ఈ జీవులు, వీటిని తినే తిమింగిలాలు ఏమి కావలెను?

కెమెరాలు, దీపాలు గల యంత్రాలకు మరొక చిక్కు ఉన్నది. కొన్ని చేపలు వెలుగును చేరవస్తాయి, కొన్ని తొలగిపోతాయి. ఒకే చేప పదేపదే కనబడితే లెక్క పెరుగుతుంది.

రేడియో తరంగాలు సముద్రపు నీటిలో దూరం పోవు గనుక, మంచు క్రింద చిక్కిన యంత్రాన్ని వెనుకకు పిలుచుటకు దారి లేదు. 2005లో ఫింబుల్ అనే మంచు పలక అడుగుకు వెళ్లిన ఆ ఆటోసబ్ తిరిగి రాలేదు.