టేపుతో బిడ్డ బరువు

అర్ధరాత్రి ఫిట్స్‌తో కొట్టుకుంటున్న బిడ్డను గూడూరు నుంచో, కొత్తగూడ దాపు తండా నుంచో ఆటోలో తెస్తారు. సిస్టర్ ముందుగా టేపు తీసి బిడ్డను తల నుంచి మడమ దాకా కొలుస్తుంది. "ప్రాణం పోతుంటే బట్టలు కుట్టే కొలతలేంటి?" అని కోపగించుకోకండి. కొలవడానికి కొన్ని క్షణాలే పడుతుంది.

పిల్లలకు మందు కిలోల లెక్కన ఇస్తారు. ఫిట్స్ మందు తక్కువైతే ఫిట్స్ ఆగవు, ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. కొట్టుకుంటున్న బిడ్డను కాటా మీద ఉంచలేము కదా!

పొడవును బట్టి బరువు చెప్పే ఈ రంగుల టేపును 1980లలో అమెరికా డాక్టరు జేమ్స్ బ్రోసెలో తెచ్చారు. అయితే అది అక్కడి పిల్లల లెక్క. మన పిల్లలు అంతే పొడుగున్నా సన్నగా ఉంటారు. 10 కిలోలు దాటిన భారతీయ పిల్లల బరువును ఈ టేపు దాదాపు పదో వంతు ఎక్కువ చూపుతోందని 2008లో వెలువడిన ఒక పరిశీలనలో తేలింది. తరువాత వచ్చిన కొన్ని టేపుల్లో జబ్బ చుట్టుకొలత కూడా చూస్తారు. అంగన్‌వాడీలో పోషణ తెలుసుకోవడానికి కొలిచేదీ ఆ జబ్బనే.

టేపు కంటే మీ మాట మాకు ఎక్కువ పనికొస్తుంది. "పోయిన నెల అంగన్‌వాడీలో 11 కిలోలు తూగాడు" అని చెప్పండి. ఆ కార్డు వెంట తెండి. విరేచనాలతో చిక్కిపోయి ఉంటే అదీ చెప్పండి. బిడ్డ కాస్త నెమ్మదించాక మీరు ఎత్తుకుని కాటా ఎక్కితే, మీ బరువు తీసేసి అసలు లెక్క చూస్తాం. బరువు తెలియకపోతే తెలియదనే చెప్పండి, అందాజుగా చెప్పకండి. అప్పుడు టేపుతోనే కొలుస్తాం.