ఉప్పుమూట ఆట

మన దేశంలో 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయింది. ధర్మపురి జిల్లాలోని అంగన్‌వాడీలు ఈ పథకం కింద నడుస్తున్నాయి. అక్కడ పసిపిల్లలు ఆటపాటలతో నేర్చుకుంటారు.

క్రీడా దినోత్సవం నాడు ఇంత చిన్నవారిని వరుసగా నిలబెట్టి పరుగెత్తమంటే ఏమవుతుంది? ఈల వినగానే కొందరు బెదరి ఏడుస్తారు. కొందరు అమ్మ ఉన్నవైపే పరుగెత్తుతారు. గెలుపు ఓటములు వారికి ఇంకా తెలియవు. కాబట్టి పెద్దలతో కలిసి ఆడే ఆటలే వారికి తగినవి.

ఉప్పుమూట అటువంటి ఆట. తండ్రి వంగి బిడ్డను వీపుమీద ఎక్కించుకుంటాడు. బిడ్డ అతని భుజాలను పట్టుకుంటుంది. తండ్రి బిడ్డ కాళ్ళను గట్టిగా పట్టుకొని గీత వరకు నడుస్తాడు. ఉప్పుమూటను మోసినట్లుంటుంది కనుక దీనికి ఆ పేరు. తమిళంలోనూ దీనిని 'ఉప్పు మూట్టై' అంటారు. తెలుగు పిల్లలకు, తమిళ పిల్లలకు ఈ ఆట కొత్త కాదు.

ఈ ఆటలో పరుగెత్తరాదు. నేల మెత్తగా ఉండాలి. బిడ్డ భయపడితే వెంటనే దింపాలి. బహుమతి అందరికీ ఇవ్వాలి.

ధర్మపురి నుండి ఎందరో కూలిపనులకు బెంగుళూరు వెళ్తారు. అటువంటివారి బిడ్డ ఆనాడు ఒంటరిగా నిలబడరాదు. తాతగాని, మామగాని, పొరుగింటి అక్కగాని ఆ బిడ్డను ఎక్కించుకోవాలి.

మీ ఊరి అంగన్‌వాడీలో ఈ ఆట జరిగితే మీరూ వెళ్ళండి. ఒక బిడ్డకు మీ వీపు కావలసి రావచ్చు.