సర్వర్‌పై దాడి జరిగితే సాక్ష్యం ఎక్కడుంటుంది?

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. ఓపీ సేవలు రోజుల తరబడి కాగితాలపైనే నడిచాయి. ఇలాంటప్పుడు ఎవరు, ఎప్పుడు చొరబడ్డారో చెప్పేవి ‘లాగ్స్’. లాగిన్ల వివరాలను సర్వర్ రాసుకునే చిట్టా ఇది. విండోస్ సర్వర్‌లో లాగిన్ విఫలమైతే 4625 నంబరుతో నమోదవుతుంది.

అయితే సర్వర్ హ్యాకర్ చేతికి చిక్కితే ఈ చిట్టానూ చెరిపేస్తాడు. అందుకే దాని కాపీని ఎప్పటికప్పుడు వేరేచోట ఉన్న డేటాబేస్‌కు పంపాలి. అన్ని సర్వర్ల లాగ్స్ ఒకేచోట ఉంటే, ఒకే ఐపీ అడ్రస్ నుంచి పది సర్వర్లపై జరిగిన ప్రయత్నాలూ ఒక్క క్వెరీతో బయటపడతాయి. సర్వర్ల గడియారాలు మాత్రం ఒకే సమయం చూపాలి. లేదంటే ఏది ముందు జరిగిందో తేలదు.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు 180 రోజుల లాగ్స్‌ను భద్రపరచాలి. దాడిని గుర్తించిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలి. లాగ్స్ లేకపోతే మీ వివరాలు బయటికి పోయాయో లేదో చెప్పడం కూడా కష్టమే.