కాంక్రీటు లోపలి కబురు చెప్పే బిళ్ళ

కంఠేశ్వర్: పాతబడిన స్లాబును చూడవచ్చిన మేస్త్రీ మొదట సుత్తితో తట్టి చూస్తాడు. ఖంగుమంటే సరే. డొల్ల శబ్దం వస్తే లోపల సలాకకు తుప్పు పట్టి సిమెంటు విడిపోయిందన్న మాటే. ఇంటికి ఈ పరీక్ష చాలు. కాని వంతెన స్తంభం నడిమిభాగాన్ని, నీట మునిగిన బ్యారేజీ గోడను ఎవరు తట్టి చూడగలరు? బీట పైకి కనిపించేసరికి పని మించిపోతున్నది.

అందుకే కాంక్రీటులోనే పాతిపెట్టి కబురు తెప్పించుకునే బిళ్ళలను శాస్త్రజ్ఞులు తయారుచేశారు. కిటుకు మన వంటింట్లోనే ఉన్నది. గ్యాసు పొయ్యి లైటరులో బ్యాటరీ ఉండదు. నొక్కగానే లోపలి చిన్న సుత్తి ఒక పింగాణీ ముక్కను కొడుతుంది, ఆ దెబ్బకు విద్యుత్తు పుట్టి రవ్వ ఎగురుతుంది. ఒత్తిడి వల్ల కొన్ని స్ఫటికాలలో విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్సులో క్యూరీ సోదరులు 1880లోనే కనుగొన్నారు.

అయితే వట్టి పింగాణీ పెళుసు. పైగా కాంక్రీటులో పరాయి వస్తువుగానే ఉండిపోతుంది. కాంక్రీటు గుండా వచ్చే అదురులో కొంత దాని అంచు తగిలి వెనక్కి మళ్ళుతుంది. కనుక సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన ఈ పింగాణీని పొడి చేసి సిమెంటులో కలిపి బిళ్ళ కడుతున్నారు. హాంకాంగ్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో జోంగ్‌జిన్ లీ బృందం 2002లో ఇటువంటి మిశ్రమాన్ని ప్రకటించింది. గట్టిపడిన బిళ్ళకు హెచ్చు వోల్టేజీ పెడితేగాని ఆ గుణం రాదు. సిమెంటులో మిగిలిన తేమ గుండా కరెంటు పారిపోవడం ఇక్కడ పెద్ద చిక్కు. మన దేశంలో ఢిల్లీ ఐ.ఐ.టి.లో సురేశ్ భల్లా బృందం పింగాణీ రేకును కాంక్రీటుకు ఒదిగే తొడుగులో అమర్చి, కంపనాలు పసిగట్టే పరికరం చేసింది.

లారీ వెళ్ళినా, లోపల బీట చిట్లినా బిళ్ళలో విద్యుత్తు తొణుకుతుంది. తీగ ద్వారా అది బయటి యంత్రానికి అందుతుంది. రెండు బిళ్ళలు పెట్టి, ఒకదానితో అదురు పుట్టించి రెండోదానితో వినవచ్చు. నడుమ బీట ఉంటే ఆ అదురు బలహీనపడి చేరుతుంది.

మన పోచంపాడుకు దిగువన, ఇదే గోదావరిపై 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న స్తంభం కుంగింది. బిళ్ళలుంటే ముందే తెలిసేదా అని రైతు అడగవచ్చు. ఇవొక్కటే చాలవు. పునాది కింద ఇసుక కొట్టుకుపోవడాన్ని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు కారణాలలో ఒకటిగా చూపారు. బిళ్ళకు తెలిసేది కాంక్రీటులోని అదురు, మార్పు మాత్రమే. కదలకుండా నిలిచిన బరువును అది ఎక్కువసేపు చెప్పలేదు, పుట్టిన విద్యుత్తు జారిపోతుంది. పునాది కింద నీటి ఒత్తిడి కొలిచే పీజోమీటరు పేరుకు దగ్గరిదే గాని పని వేరు. అదీ ఉండాలి, దాని రీడింగు రోజూ రాసుకునే మనిషీ ఉండాలి. ఇక పాతిన బిళ్ళ పాడైతే తవ్వి తీసే వీలు లేదు. అందుచేత ఒక్కటి కాక పలుచోట్ల పాతవలసి ఉంటుంది.