‘పవర్ ఎంత పెరిగింది? ఎలా కొలిచావు?’

ఎయిర్ ఫిల్టర్ మార్చడం పావుగంట పని. శ్రద్ధగా చేస్తే ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టే ప్రాజెక్టు కూడా అదే!

నా మొదటి ఇంటర్వ్యూ. రెజ్యూమెలో ‘డీజిల్ ఇంజిన్ పెర్ఫార్మెన్స్ మోడిఫికేషన్’ అని గొప్పగా రాసుకున్నాను. నిజానికి నేను చేసింది మా మావయ్య కారుకి బయట కొన్న ఎయిర్ ఫిల్టర్ బిగించడం. ప్యానెల్‌లో ఒకాయన రెండే ప్రశ్నలు అడిగారు. పవర్ ఎంత పెరిగింది? ఎలా కొలిచావు? రెండిటికీ నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగమూ రాలేదు. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇదంతా చెబుతున్నాను.

మావయ్యది పర్చూరు. పాత డీజిల్ కారులో రైతుల్ని, వ్యాపారుల్ని చిలకలూరిపేట మీదుగా గుంటూరు మిర్చి యార్డుకి తిప్పుతుంటాడు. మన వైపు దుమ్ము సంగతి మీకు తెలిసిందే. ఎండిన నల్లరేగడి మట్టి, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఎగిరే దూది నూగు, యార్డు ముందు టిక్కీల లారీలు లేపే దుమ్ము. ‘ఈ ఫిల్టర్ వేస్తే బండి దూసుకుపోతుంది’ అని నేనే ఒప్పించాను. అది ఉతికి మళ్లీ వాడుకునే రకం. కాటన్ పొరలకి నూనె పట్టించి ఉంటుంది. కొన్నాళ్లకి కడిగి, నూనె కాస్త ఎక్కువగానే పట్టించాను. వారం తిరక్కుండానే ఫోన్. ‘ఏరా అబ్బాయ్, బండికి పికప్ పోయిందిరా. గేరు మార్చినా లాగట్లేదు.’ మిర్చి సీజన్‌లో రెండు రోజులు కారు షెడ్డులోనే ఉండిపోయింది. మావయ్యకి ఆ రెండు రోజుల సంపాదన పోయింది.

అసలేం జరిగింది?

ఫిల్టర్ దాటాక గాలి గొట్టంలో ఎంఏఎఫ్ సెన్సర్ ఉంటుంది. వేడెక్కిన సన్నని పొర మీదుగా గాలి వెళ్తుంటే, ఆ పొర ఎంత చల్లబడుతోందో చూసి ఎంత గాలి వస్తోందో లెక్కకడుతుంది. ఫిల్టర్ నుంచి నూనె తుంపర్లు వచ్చి దాని మీద పేరుకుంటే లెక్క తప్పుతుంది. గాలి సరిపడా వస్తున్నా తక్కువ వస్తోందనుకుని, నల్లపొగ రాకుండా ఈసీయూ డీజిల్‌ని తగ్గించేస్తుంది. మావయ్య కారుకి జరిగింది అదే. సెన్సర్‌ని దానికోసమే అమ్మే స్ప్రేతో శుభ్రం చేసి, మామూలు పేపర్ ఫిల్టర్ వేశాక బండి దారిలో పడింది.

పవర్ ఎందుకు పెరగదు?

పెట్రోల్ ఇంజిన్‌లో యాక్సిలరేటర్ తొక్కితే గాలి దారి తెరుచుకుంటుంది. డీజిల్‌లో పవర్‌ని నిర్ణయించేది ముఖ్యంగా లోపలికి చిమ్మే ఇంధనం. గాలి మామూలుగా అవసరానికి మించే ఉంటుంది, పైగా టర్బో తోస్తుంటుంది. ఈసీయూలో ఇంధనం లెక్క మారనంత వరకు, శుభ్రమైన పేపర్ ఫిల్టర్ తీసి ఖరీదైనది పెట్టినా పెద్ద తేడా రాదు. తేడా బాగా తెలిసేది పూడుకుపోయిన ఫిల్టర్‌ని మార్చినప్పుడే.

మరి ఫిల్టర్ ముఖ్యం కాదా? చాలా ముఖ్యం. చిన్న లెక్క చూడండి. మన రోడ్ల మీద స్విఫ్ట్, ఇండికా విస్టా లాంటి కార్లలో ఫియట్ డిజైన్ చేసిన 1248 సీసీ డీజిల్ ఇంజిన్ చాలా కనిపిస్తుంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది. అంటే 2000 ఆర్‌పీఎం దగ్గర టర్బో ఒత్తిడిని పక్కనపెట్టినా నిమిషానికి దాదాపు 1250 లీటర్లు, గంటకి 75 వేల లీటర్లు. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు రెండున్నర ఖాళీ అయినంత గాలి! అందులోని ఇసుక రేణువులు ఇనుము కంటే గట్టివి. లోపలికి వెళ్తే టర్బో రెక్కలు, పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు అరిగిపోతాయి. మన ప్రాంతంలో ఫిల్టర్ కొనేటప్పుడు ‘గాలి ఎంత వదులుతుంది’ అనేదానికంటే ‘దుమ్ము ఎంత ఆపుతుంది’ అని ముందు అడగాలి. ఫిల్టర్లని ఈ రెండు విషయాల్లోనూ పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5011. ప్యాకెట్ మీద దాని ప్రస్తావన ఉందేమో చూడండి.

మీరు చేసేటప్పుడు...

* ఇంజిన్ ఆపి, చల్లారాకే ఎయిర్ బాక్స్ క్లిప్పులు తీయండి. బాక్స్‌లోని దుమ్ముని తడిగుడ్డతో తుడవండి. శుభ్రమైన గాలి వెళ్లే వైపు దుమ్ము పడనివ్వొద్దు.
* ఫిల్టర్ అంచు రబ్బరు చుట్టూ సరిగ్గా కూర్చోవాలి. కాస్త సందున్నా దుమ్ము అక్కణ్నుంచే వెళ్తుంది.
* పేపర్ ఫిల్టర్‌ని కంప్రెసర్ గాలితో గట్టిగా ఊదితే కాగితం చిరగొచ్చు. పాడైతే మార్చడమే మేలు.
* నూనె రకమైతే కంపెనీ చెప్పిన కొలతే పట్టించి, బాగా ఇంకాకే బిగించండి.
* బాక్స్ తీసేసి విడిగా పెట్టే కోన్ ఫిల్టర్లు బానెట్ లోపలి వేడిగాలిని పీలుస్తాయి. వేడిగాలి పలచన, దానివల్ల నష్టమే.
* వారంటీలో ఉన్న కారైతే ముందు షరతులు చదవండి.

కొలిస్తేనే ప్రాజెక్టు

కొన్ని వందల రూపాయలకే బ్లూటూత్ ఓబీడీ రీడర్ దొరుకుతుంది. ఫోన్‌కి కలిపితే ఎంఏఎఫ్ రీడింగ్ సెకనుకి ఇన్ని గ్రాములని చూపిస్తుంది. పాత ఫిల్టర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కొలవండి. అదే రోడ్డు, అదే గేరు, అదే వేగం, అదే సమయం ఉండాలి. ఒకరు నడపాలి, రీడింగ్ ఇంకొకరు రాసుకోవాలి. ఒక్కోటి మూడుసార్లు తీసి సగటు కట్టండి. తేడా రాకపోతే ‘తేడా రాలేదు’ అనే రాయండి. అదీ ఫలితమే.

నేను అదే చేశాను. తర్వాతి ఇంటర్వ్యూలో ‘పవర్ పెరగలేదు సార్, ఎందుకో చెప్తాను’ అని మొదలుపెట్టాను. నూనె ఎక్కువ పట్టించిన నా తప్పూ దాచలేదు. పది నిమిషాలనుకున్న ఇంటర్వ్యూ అరగంట నడిచింది. ఈసారి ఉద్యోగం వచ్చింది.

మెకానికల్ వాళ్లకే కాదు ఈ మాట. గాలిని వడకట్టడం ఫార్మా క్లీన్ రూముల్లో, ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లలో, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో కూడా కీలకమే. ఏ బ్రాంచ్ అయినా ఇంటర్వ్యూ చేసేవాళ్లు వెతికేది ఒకటే: ఏం కొన్నావని కాదు, ఏం కొలిచావు, ఏం తెలుసుకున్నావని. డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టు రిపోర్టు ఈ ప్రశ్న దగ్గర నోరు మెదపదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఓ బండి ఉంటుంది. ఈ ఆదివారం దాని ఎయిర్ బాక్స్ తెరిచి చూడండి. కాకపోతే ముందు బండి ఓనర్‌ని అడగండి. మా మావయ్య ఇప్పటికీ నన్ను బానెట్ దగ్గరికి రానివ్వడు!