మీకు తెలుసా? హుషారు రోజుల సంగతీ డాక్టరుకు చెప్పాలి!

రాత్రి మూడు గంటలే పడుకున్నా అలసట ఉండదు. కొత్త వ్యాపారం లెక్కలు, ఊరందరికీ ఫోన్లు, అప్పు చేసైనా కొనే సామాను. వారం తిరిగేసరికి అదే మనిషి పలకరిస్తే పలకడు. కోదాడలోనైనా మిర్యాలగూడలోనైనా ఇంట్లోవాళ్లు 'మూడీ మనిషిలే' అని వదిలేస్తారు. ఈ తీరు ఏళ్ల తరబడి సాగితే అది సైక్లోథైమియా కావచ్చు. జర్మన్ వైద్యుడు కాల్‌బామ్ 1882లోనే దీని గురించి రాశాడు.

ఇది బైపోలార్ జబ్బుకు తమ్ముడి వరస. పెద్దవాళ్లలో కనీసం 2 ఏళ్లు, పిల్లల్లో ఏడాది పాటు ఈ ఎత్తుపల్లాలు ఉండాలి. మధ్యలో వరసగా రెండు నెలలకు మించి మామూలుగా ఉండకూడదు. అప్పుడే డాక్టర్లు ఆ పేరు పెడతారు. పంట పోయి ఒక సీజనంతా దిగులుపడ్డ రైతుకు దీన్ని తగిలించొద్దు. థైరాయిడ్ తేడా, తాగుడు కూడా ఇలాగే కనిపించొచ్చు కాబట్టి ముందు ఆ పరీక్షలు అవసరం.

చిక్కంతా హుషారు రోజులతోనే. అవి ఎవరికీ జబ్బులా తోచవు, 'ఇప్పుడు బాగున్నడు' అని సంతోషిస్తారు కూడా! డాక్టరు దగ్గరికి వెళ్లేది దిగులప్పుడే, చెప్పేదీ దిగులే. దానికి మాత్రమే మందు వాడితే కొందరిలో హుషారు హద్దు దాటుతుంది. 15 నుంచి 50 శాతం మందిలో ఇది అసలు బైపోలార్‌గా ముదరొచ్చని వైద్యుల అంచనా.

ఓ పని చేయండి. పాల లెక్క రాసే గోడ క్యాలెండర్‌లోనే రోజూ ఎన్ని గంటలు నిద్రపోయిందీ, మనసు పైనుందా కిందుందా రాయండి. రెండు నెలల కాగితాలు డాక్టరు ముందు పెడితే గంట మాటల కంటే ఎక్కువ చెబుతాయి. ఈ జబ్బున్నవాళ్లకు నిద్ర చెడితే మనసూ చెడుతుంది. వరి కోతల కాలంలో రైస్ మిల్లుల్లో రాత్రి డ్యూటీలు చేసేవాళ్ల ఇంట్లో ఈ గడులు తప్పకుండా నింపాలి. కౌన్సెలింగ్, వేళకు నిద్ర, అవసరమైతే మూడ్ నిలకడగా ఉంచే మందులు, చికిత్సంతా ఇదే.

జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కు ఉంటే తీర్చుకోండి, కాదనం. మందులు మాత్రం మానొద్దు. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, మొదటిసారే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా బస్సెక్కక్కర్లేదు. గడప దాటడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు.